ఊరు మారిన జట్టు: మిల్వాకీలో బ్రేవ్స్ తొలి ఏళ్లు

ప్రశ్న: యాభై ఏడు సీజన్ల పాటు ఓక్లాండ్‌లో ఆడిన అథ్లెటిక్స్ బేస్‌బాల్ జట్టు 2024 ముగియగానే ఆ ఊరు విడిచిపెట్టిందనీ, లాస్ వేగస్‌లో స్టేడియం సిద్ధమయ్యేదాకా శాక్రమెంటో పక్కన ఆడుతోందనీ చదివాను. ఇలా ఊరు మారిన జట్టుకు కొత్త చోట మొదటి సంవత్సరాల్లో ఎలాంటి ఆదరణ దక్కుతుంది? అది నిలుస్తుందా, లేక 'కొత్త ఒక వింత, పాత ఒక రోత' అన్నట్టు నాలుగేళ్లకే చప్పబడుతుందా?

జవాబు: మీ ప్రశ్నకు అన్ని జట్లనూ కలిపి ఒకే జవాబు చెప్పడం కుదరదు గానీ, ఒక జట్టు కథను దగ్గరగా చూస్తే చాలా సంగతులు తేటపడతాయి. అది 1953లో బోస్టన్ నుంచి విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీకి తరలివెళ్లిన బ్రేవ్స్ జట్టు. దాన్నే ఎంచుకోవడానికి కారణముంది. 1903 తరువాత యాభై సంవత్సరాల పాటు అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో (నేషనల్, అమెరికన్ అనే రెండు లీగులున్న అత్యున్నత స్థాయి పోటీలో) ఏ జట్టూ ఊరు మారలేదు; ఏ నగరంలో ఏ జట్టు ఉండాలన్నది దాదాపు చెక్కుచెదరని ఏర్పాటుగా జనం భావించేవారు. ఆ ఏర్పాటును మొదట కదిలించింది బ్రేవ్స్ జట్టే.

బోస్టన్‌లో ఆ జట్టు పరిస్థితి అప్పటికే దిగజారింది. అదే నగరంలో టెడ్ విలియమ్స్ ఆడే రెడ్ సాక్స్ జట్టు ఉండేది. ఊరి అభిమానం ప్రధానంగా వారిదే. 1948లో నేషనల్ లీగ్ విజేతగా నిలిచినప్పుడు బ్రేవ్స్ ఆటలకు పద్నాలుగున్నర లక్షల మంది వచ్చారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1952లో, జట్టు ఎనిమిదింటిలో ఏడో స్థానానికి పడిపోయింది. సీజన్ మొత్తానికీ టికెట్ కొన్నవారు 2,81,278 మంది మాత్రమే. యజమాని లూ పెరీని బోస్టన్ ప్రాంతానికి చెందిన కట్టడాల కాంట్రాక్టరు. ఆయనకే మిల్వాకీలో బ్రూయర్స్ అనే మైనర్ లీగ్ (దిగువ స్థాయి) జట్టు కూడా ఉండేది. మిల్వాకీ కౌంటీ (జిల్లా లాంటిది) ప్రభుత్వం సుమారు 50 లక్షల డాలర్ల ప్రజాధనంతో ఒక కొత్త స్టేడియం కట్టిస్తోంది. పెద్ద జట్టేదైనా రాకపోతుందా అన్న ఆశ ఆ కట్టడం వెనుక దాగి ఉందని అందరికీ తెలుసు.

ఇక్కడ ఒక మలుపుంది. సెయింట్ లూయిస్ బ్రౌన్స్ యజమాని బిల్ వెక్ తన జట్టును మిల్వాకీకి తీసుకువస్తానని అడిగారు. ఒక మైనర్ లీగ్ జట్టు ఉన్న ఊరికి మేజర్ లీగ్ జట్టు రావాలంటే అక్కడి యజమానితో ఒప్పందం కుదరాలి, పెరీని ఒప్పుకోలేదు. మిల్వాకీ పత్రికలూ ప్రజలూ ఆయన మీద మండిపడ్డారు. ఊరికి వచ్చే అవకాశానికి అడ్డుపడ్డ మనిషిగా మిగిలిపోవడం కంటే తన జట్టునే అక్కడికి తీసుకువెళ్లడం మేలని పెరీని తేల్చుకున్నారు. 1953 మార్చి 18న నేషనల్ లీగ్ యజమానులు అందుకు ఆమోదం తెలిపారు. అప్పటికి ఆటగాళ్లు ఫ్లోరిడాలోని బ్రేడెంటన్‌లో సీజన్‌కు ముందు జరిగే శిక్షణలో ఉన్నారు. తొలి ఆటకు నాలుగు వారాలైనా వ్యవధి లేదు. టోపీల మీద బోస్టన్‌ను సూచించే అక్షరం తీసి మిల్వాకీ అక్షరం కుట్టుకుని వారు కొత్త ఊళ్లో దిగారు.

దిగినప్పుడు వారికి జరిగిన మర్యాదలు కొత్త అల్లుడికి జరిగే మర్యాదలకు ఏమాత్రం తీసిపోవు. ఊరేగింపు తీశారు, వీధుల్లో వేలాదిమంది బారులు తీరారు. స్థానిక వ్యాపారులు ఆటగాళ్లకు వాడుకోవడానికి కార్లు ఇచ్చారు. పాలు, బీరు ఉచితంగా ఇళ్లకు పంపారు. ఏప్రిల్ 14న కౌంటీ స్టేడియంలో మొదటి ఆట సెయింట్ లూయిస్ కార్డినల్స్‌తో జరిగింది. మామూలుగా ఆడే తొమ్మిది ఇన్నింగ్స్‌లలో ఫలితం తేలక ఆడిన పదో ఇన్నింగ్స్‌లో కొత్త ఆటగాడు బిల్ బ్రూటన్ కొట్టిన బంతి, కార్డినల్స్ ఫీల్డర్ ఇనోస్ స్లాటర్ గ్లవ్‌కు తగిలి కంచె దాటింది. బ్రేవ్స్ 3-2తో గెలిచారు. ఆ సీజన్ మొత్తంలో బ్రూటన్ కొట్టిన హోమ్ రన్ (కంచె దాటే దెబ్బ) అదొక్కటే.

బోస్టన్‌లో 1952లో ఏడాదంతా వచ్చిన ప్రేక్షకుల సంఖ్యను మిల్వాకీ మొదటి 13 ఆటల్లోనే దాటేసింది. సీజన్ ముగిసేసరికి లెక్క 18,26,397కు చేరింది. నేషనల్ లీగ్‌లో అంతవరకూ అదే అత్యధికం. 1954లో ఇరవై లక్షలు దాటింది. ఆ లీగ్‌లో ఏ జట్టూ అంతకుముందు ఆ మెట్టు ఎక్కలేదు. తరువాతి మూడేళ్లలోనూ ఆ సంఖ్య ఇరవై లక్షలకు తగ్గలేదు; 1957లో 22,15,404కు చేరింది. మిల్వాకీ నగర జనాభా అప్పట్లో ఏడు లక్షల లోపేనని గుర్తుంచుకుంటే ఈ అంకెల బరువు తెలుస్తుంది. జనం ఆ ఊరి నుంచే కాదు, విస్కాన్సిన్ పల్లెల నుంచి, మిన్నెసోటా, అయోవా రాష్ట్రాల నుంచి కార్లలో, బస్సుల్లో వచ్చేవారు. స్టేడియం చుట్టూ విశాలమైన పార్కింగ్ స్థలం ఉండడం వల్ల అది సాధ్యమైంది. పాత నగరాల్లోని ఇరుకు వీధుల మధ్య ఉన్న స్టేడియాలకు లేని సదుపాయం అది.

నాలుగేళ్లకు చప్పబడిందా అని అడిగారు. చప్పబడలేదు, అయిదో ఏడు అన్నింటికంటే పెద్దది. సామెత ఇక్కడ సరిపోదన్నది నా అభిప్రాయం. ఎందుకో చెప్పే ముందు మరో పాఠకుడి ప్రశ్న చూద్దాం.

ప్రశ్న: జనం రావడం సరే, ఆట సంగతేమిటి? ఏడో స్థానంలో ఉన్న జట్టు ఊరు మారగానే బాగుపడిందా?

జవాబు: బాగుపడింది గానీ, దానికి గాలి, నీరు కారణం కాదు. బోస్టన్‌లో ఉండగానే జట్టు యువకులను పోగుచేసుకుంది. వారు ఆటలో రాటుదేలే సమయానికి ఊరు మారింది. ఎడ్డీ మాథ్యూస్‌కు 1953లో ఇరవై ఒక్క ఏళ్లు. ఆ సంవత్సరం 47 హోమ్ రన్లు కొట్టాడు. ఎడమచేతి పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) వారెన్ స్పాన్ 23 ఆటలు గెలిపించాడు. జట్టు 92 విజయాలతో రెండో స్థానంలో నిలిచింది.

1954 వసంతంలో బాబీ థామ్సన్ చీలమండ విరగడంతో ఖాళీ అయిన చోటికి ఇరవై ఏళ్ల హ్యాంక్ ఏరన్ వచ్చాడు. ఏరన్ అంతకు ముందు సంవత్సరం జాక్సన్‌విల్‌లో, దక్షిణాది మైనర్ లీగ్‌లో వర్ణ వివక్షను ఎదుర్కొంటూ ఆడినవాడు. అతడు వచ్చాక కూడా విజయం వెంటనే చేతికందలేదు. 1956లో ఒక్క ఆట తేడాతో బ్రూక్లిన్ డాడ్జర్స్ ముందుకు వెళ్లిపోయారు. ఆ సీజన్ మధ్యలోనే మేనేజర్ చార్లీ గ్రిమ్ స్థానంలో ఫ్రెడ్ హేనీ వచ్చారు.

1957 సెప్టెంబర్ 23న కార్డినల్స్‌తో పదకొండో ఇన్నింగ్స్‌లో ఏరన్ కొట్టిన హోమ్ రన్‌తో లీగ్ విజేత ఎవరో తేలిపోయింది. ఆ తరువాత న్యూయార్క్ యాంకీస్‌తో జరిగిన వరల్డ్ సిరీస్ (రెండు లీగుల విజేతల మధ్య తుది పోటీ) ఏడు ఆటల దాకా సాగింది. నాలుగో ఆట పదో ఇన్నింగ్స్‌లో బంతి బ్రేవ్స్ బ్యాటర్ నిపీ జోన్స్ కాలికి తగిలిందా లేదా (తగిలితే బ్యాటర్‌కు మొదటి బేస్ ఊరికే దక్కుతుంది) అన్న వివాదాన్ని, ఆ బంతికి అంటిన బూటు పాలిష్ మరక తేల్చిందంటే నమ్మడం కష్టమే గానీ, జరిగింది అదే. ఆ ఇన్నింగ్స్‌లోనే మాథ్యూస్ హోమ్ రన్ కొట్టి ఆట ముగించాడు. ఏడో ఆటకు రావలసిన స్పాన్ ఫ్లూ జ్వరంతో పడుకోగా, లూ బర్డెట్ రెండు రోజుల విశ్రాంతితోనే బంతి అందుకుని, యాంకీస్‌ను వారి సొంత స్టేడియంలో 5-0తో ఓడించాడు. అతనికి ఆ సిరీస్‌లో అది మూడో విజయం. 1951లో ఆ బర్డెట్‌ను బ్రేవ్స్‌కు ఇచ్చి పంపింది యాంకీసే.

1958లో మళ్లీ అదే రెండు జట్లు తలపడ్డాయి. మూడు ఆటలు గెలిచి ఒకటే ఓడిన స్థితి నుంచి బ్రేవ్స్ సిరీస్ చేజార్చుకున్నారు. 1959లో డాడ్జర్స్‌తో సమానంగా నిలిచి, లీగ్ విజేతను తేల్చడానికి పెట్టిన అదనపు పోటీలో రెండు ఆటలూ ఓడిపోయారు.

ప్రశ్న: అంత ఆదరణ ఉన్న జట్టు 1966లో అట్లాంటాకు ఎందుకు వెళ్లిపోయింది? మిల్వాకీ ప్రజలదే చపలచిత్తమని కొందరు రాశారు. నిజమేనా?

జవాబు: ఈ మాట తరచు వినిపిస్తుంది, దీన్ని నేను ఒప్పుకోను. అంకెలు పడిపోయిన మాట నిజమే. 1958లో ఇరవై లక్షలకు కొంచెం తగ్గి, 1960లో పదిహేను లక్షలకు చేరి, 1962లో 7,66,921 దగ్గర ఆగింది. కానీ ప్రతి మెట్టు దగ్గరా ఏం జరిగిందో చూడాలి.

మొదటిది భౌగోళికం. మిల్వాకీకి తూర్పున మిషిగన్ సరస్సు ఉంది. సరస్సు టికెట్లు కొనదు. దక్షిణాన సుమారు తొంభై మైళ్లలో చికాగో, అక్కడ రెండు పెద్ద జట్లు. మిగిలింది పడమర, ఉత్తరం. 1961లో వాషింగ్టన్ సెనేటర్స్ జట్టు మిన్నెసోటాకు తరలి ట్విన్స్ అన్న పేరుతో ఆడడం మొదలుపెట్టగానే ఆ పడమటి దారి కూడా సగం మూసుకుపోయింది. జట్లు ఊళ్లు మారవచ్చునని లోకానికి చూపించింది మిల్వాకీయే. అలా మారిన మరో జట్టు దాని ప్రేక్షకులనే పంచుకుపోయింది.

రెండోది యాజమాన్యం. పెరీని బోస్టన్ మనిషిగానే ఉండిపోయారు; మిల్వాకీలో కాపురం పెట్టలేదు. బోస్టన్‌లో టెలివిజన్ వల్లే జనం స్టేడియానికి రావడం మానేశారని నమ్మి, మిల్వాకీలో సొంత మైదానపు ఆటలను టీవీలో చూపనివ్వలేదు. స్టేడియం నిండుతున్నంత కాలం ఆ నిర్ణయం తెలివైనదిగానే కనిపించింది. జట్టును చూస్తూ పెరిగే కొత్త తరం తయారు కావలసిన సమయంలో అది ఎదురుతిరిగింది. 1961లో ప్రేక్షకులు తమ వెంట బీరు తెచ్చుకోకూడదని నిషేధం వచ్చింది. బీరు తయారీకి పేరుపడ్డ నగరంలో, ఇంటి నుంచి డబ్బా నింపుకుని కుటుంబంతో వచ్చి కూర్చునే అలవాటున్న జనానికి అది చిన్న విషయం కాదు. నిషేధాన్ని తరువాత ఎత్తివేసినా, చెడిన మనసు అంత తొందరగా కుదుటపడలేదు.

మూడోది ఆటగాళ్లు. బ్రూటన్‌ను 1960 సీజన్ తరువాత డెట్రాయిట్‌కు, బర్డెట్‌ను 1963లో సెయింట్ లూయిస్‌కు పంపేశారు. 1964 చివర్లో స్పాన్‌ను న్యూయార్క్ మెట్స్‌కు అమ్మేశారు. జనం ఎవరి కోసం వచ్చేవారో వారు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అయినా ఒక సంగతి గమనించండి: మిల్వాకీలో ఆడిన పదమూడు సీజన్లలో ఒక్కదానిలోనూ బ్రేవ్స్ ఓటములు విజయాలను మించలేదు. జట్టు మరీ చెడిపోయిందని గానీ, జనం ఓడే జట్టును వదిలేశారని గానీ అనడానికి వీల్లేదు.

నాలుగోదే అసలైనది. 1962 నవంబర్‌లో పెరీని జట్టును బిల్ బార్తలమే నాయకత్వంలోని చికాగో బృందానికి అమ్మారు. అట్లాంటా కొత్త స్టేడియం కడతానంది. దాని చుట్టూ ఉన్న ఆగ్నేయ రాష్ట్రాల్లో పోటీకి మరో మేజర్ లీగ్ జట్టు లేదు. స్టేడియంలో కూర్చునేవారికంటే టెలివిజన్, రేడియో హక్కుల పరిధి విలువైనదిగా మారుతున్న రోజులవి. కొత్త యజమానుల చూపు అటు తిరిగిందన్న వార్త ఊరంతా పాకింది. వెళ్లిపోయే జట్టుకు టికెట్ కొనడమెందుకని ప్రేక్షకులు తగ్గారు; ప్రేక్షకులు తగ్గారు గనుక వెళ్లిపోతున్నామని యజమానులు అన్నారు. అంత జరిగినా, 1964లో జట్టు అయిదో స్థానంలో ఉన్నప్పుడు 9,10,911 మంది వచ్చారు. బోస్టన్‌లో చివరి ఏడాది వచ్చినవారికి ఇది మూడు రెట్ల కంటే ఎక్కువ. దీన్ని చపలచిత్తమని ఎలా అనగలం? 1965లో సంఖ్య 5,55,584కు పడిపోయింది. కానీ అప్పటికి జట్టు వెళ్లడం ఖాయమైంది, అద్దె ఒప్పందం మిగిలి ఉన్నందువల్ల ఆ ఒక్క సీజన్ కోసం కట్టుబడి ఆడుతోంది. ఆ చివరి అంకెను ఆదరణకు కొలతగా వాడడం అన్యాయం.

మొదటి పాఠకుడికి నేను బాకీపడిన జవాబు ఇదే. వింత కోసం వచ్చినవారైతే రెండో ఏడో, మూడో ఏడో తగ్గి ఉండేవారు. మిల్వాకీలో కరిగిపోయింది నమ్మకం. ఆ నమ్మకానికి మొదటి నుంచీ పునాది పలుచన: స్టేడియం కౌంటీది, జట్టుకు నామమాత్రపు అద్దె, యజమాని పరాయి ఊరివాడు. ఊళ్లో జట్టు తాలూకు పెట్టుబడి ఏదీ నేలలో దిగలేదు. ఇరవై లక్షల టికెట్లు అమ్ముడైన సంవత్సరాల్లో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ప్రశ్న: మిల్వాకీ విజయం చూసే బ్రూక్లిన్ డాడ్జర్స్ లాస్ ఏంజెలెస్‌కు వెళ్లారంటారు. అక్కడి తొలి ఏళ్లు ఎలా గడిచాయి? వారు ఇప్పటికీ అక్కడే ఎందుకున్నారు?

జవాబు: యజమాని వాల్టర్ ఓమాలీని మిల్వాకీ అంకెలు కలవరపెట్టిన మాట నిజమే. 1957లో బ్రూక్లిన్ ఆటలకు వచ్చినవారు పది లక్షల పైచిలుకు. అదే ఏడు మిల్వాకీకి వచ్చినవారు అంతకు రెట్టింపుకు మించి ఉన్నారు. ఆ రాబడి వ్యత్యాసంతో ఎదుటి జట్టు మంచి ఆటగాళ్లను కొనుక్కుంటూ పోతుందని ఆయన భయం. అంతకుముందే బ్రౌన్స్ 1954లో బాల్టిమోర్‌కు, అథ్లెటిక్స్ 1955లో ఫిలడెల్ఫియా నుంచి కాన్సస్ సిటీకి కదిలారు. మీరు అడిగిన డాడ్జర్స్, వారితో పాటు శాన్ ఫ్రాన్సిస్కోకు జెయింట్స్, 1958లో పడమటి తీరం చేరారు.

లాస్ ఏంజెలెస్‌లో మొదటి నాలుగేళ్లు డాడ్జర్స్ ఆడింది కలీసియంలో. అది ఒలింపిక్స్ జరిగిన అండాకార మైదానం. బేస్‌బాల్‌కు ఏ మాత్రం సరిపడదు. ఎడమ వైపు కంచె బ్యాటర్‌కు 251 అడుగుల దూరంలోనే ఉండడంతో, తేలిక హోమ్ రన్లను ఆపడానికి దాదాపు 42 అడుగుల ఎత్తు వల కట్టారు. జట్టు అక్కడి మొదటి ఏడాది, 1958లో, ఏడో స్థానంలో నిలిచింది. అయినా పద్దెనిమిది లక్షల మందికి పైగా వచ్చారు. మరుసటి సంవత్సరమే వరల్డ్ సిరీస్ గెలిచారు. అయిదో ఆటకు 92,706 మంది హాజరయ్యారు.

తేడా 1962లో తెలిసింది. ఆ ఏప్రిల్‌లో ఓమాలీ తన సొంత ఖర్చుతో కట్టిన డాడ్జర్ స్టేడియం తెరుచుకుంది. ఆ సీజన్‌లో ఇరవై ఏడున్నర లక్షల మంది వచ్చారు. ఆయన మకాం కూడా లాస్ ఏంజెలెస్‌కే మార్చారు. స్టేడియం వెలిసిన చావెజ్ రవీన్ ప్రాంతం నుంచి మెక్సికన్ అమెరికన్ కుటుంబాలను అంతకుముందే నగర పాలకులు ఇళ్ల పథకం పేరిట ఖాళీ చేయించారు. ఆ పథకం అటకెక్కి, స్థలం జట్టుకు దక్కింది. 1958లో దీని మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు ఓమాలీ పక్షం స్వల్ప ఆధిక్యంతో గట్టెక్కింది. ఆ కుటుంబాల నష్టాన్ని విడిచిపెట్టి స్టేడియం కథ చెప్పడం నాకు ఇష్టం లేదు. అయితే మీ ప్రశ్న వరకు చూస్తే, సొంత నేల మీద సొంత కట్టడం ఉన్న యజమానికి మరో ఊరు పిలిచినా కదలడం లాభసాటి కాదు. మిల్వాకీకి లేనిది సరిగ్గా అదే.

ప్రశ్న: జట్టు పోతుంటే న్యాయస్థానాలు ఆపలేవా?

జవాబు: కొంతకాలం ఆపాయి. 1965 సీజన్‌ను మిల్వాకీలోనే ఆడేలా చేసింది కౌంటీ తెచ్చిన కోర్టు ఉత్తర్వే. తరువాత విస్కాన్సిన్ రాష్ట్రం గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద దావా వేసింది. 1966 ఏప్రిల్‌లో కింది న్యాయస్థానం రాష్ట్రానికి అనుకూలంగా తీర్పు ఇవ్వగా, జులైలో రాష్ట్ర సుప్రీం కోర్టు 4-3 తేడాతో దాన్ని కొట్టివేసింది. అమెరికా సుప్రీం కోర్టు జోక్యం చేసుకోలేదు. అప్పటికే బ్రేవ్స్ అట్లాంటాలో ఆడుతున్నారు.

మిల్వాకీకి మళ్లీ జట్టు వచ్చిన తీరు విచిత్రం. స్థానిక వ్యాపారి బడ్ సీలిగ్ నాయకత్వంలోని బృందం, ఒక్క సీజన్‌కే దివాలా తీసిన సియాటిల్ పైలట్స్‌ను 1970లో సీజన్ మొదలు కావడానికి కొద్ది రోజుల ముందు కొనుక్కుని, బ్రూయర్స్ అన్న పాత పేరు పెట్టి కౌంటీ స్టేడియంలో దించింది. మొదటి ఆటలో కాలిఫోర్నియా ఏంజెల్స్ జట్టు చేతిలో 12-0తో ఓడినా, ఆ రోజు ముప్పై ఏడు వేల మందికి పైగా వచ్చారు. ఈసారి కోర్టుకెక్కింది సియాటిల్; ఆ వివాదం పరిష్కారంలో భాగంగా 1977లో ఆ నగరానికి మారినర్స్ అనే కొత్త జట్టు దక్కింది.